అగ్గిపెట్టె అట్ట మీది పాట

చాలా ఏళ్లపాటు ఆ పాట టెన్నిసు ఆటను గురించినదని నేను నమ్మాను. విజయనగరంలో మా పెదనాన్నగారి ఇంటి హాల్లో, గోడకు కొట్టిన చెక్క మీద, పెద్దమ్మ అల్లిన లేసు గుడ్డ కప్పుకొని ఒక మర్ఫీ రేడియో ఉండేది. రాత్రి భోజనాలయ్యాక పెదనాన్నగారు షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ కోసం ముల్లు తిప్పేవారు. ఆ గరగరల మధ్య నుంచి అప్పుడప్పుడు ఒక ఆడగొంతు, ఊయల ఊగినట్టు సాగే వరసలో, ఇంగ్లీషు పాట పాడేది. పాటలో మాటిమాటికీ వచ్చే ‘టెనెసీ’ అనే మాట నా చెవికి ‘టెన్నిసు’గానే చేరేది. అంత దిగులుగా పాడుతోంది కాబట్టి పాపం ఆటలో ఓడిపోయి ఉంటుందని కూడా నాకు నేనే తీర్మానించుకున్నాను. కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ బతికి, పదవీ విరమణ చేసి, తీరిక దొరికి ఆ పాటను వెతికి పట్టుకున్నాక తెలిసింది: ఆట ఏదన్నది తప్పితే, ఆమె ఓడిపోయిందన్న మాట మాత్రం నిజమే.

పాట పేరు ‘టెనెసీ వాల్ట్జ్’. టెనెసీ అమెరికాలో ఒక రాష్ట్రం, వాల్ట్జ్ అంటే జంటలు గుండ్రంగా తిరుగుతూ చేసే నాట్యం, ఆ నాట్యపు వరస. కథ నాలుగు ముక్కల్లో అయిపోతుంది. నేను నా ప్రియురాలితో నాట్యం చేస్తున్నాను, పాత స్నేహితుడు ఒకడు ఎదురయ్యాడు, ఆమెను అతనికి పరిచయం చేశాను, వాళ్లిద్దరూ కలిసి నాట్యం చేస్తూ ఉండగానే ఆమె నాకు కాకుండా పోయింది. అంతకుమించి ఏమీ లేదు. శాపాలు లేవు, నిందలు లేవు, చావులు లేవు. ‘పరిచయం చేశాను’ అన్న ఆ ఒక్క క్రియలోనే పాట దుఃఖమంతా ఉంది, ఎందుకంటే ఆ పని చేసినవాడు నష్టపోయినవాడే. మన ప్రబంధాలలో విరహం పాతిక పద్యాలపాటు చంద్రుణ్ణీ మన్మథుణ్ణీ దూషిస్తుంది. ఈ పాటలో మర్యాదస్తుడైన ఒక మనిషి మర్యాద కొద్దీ చేసిన పనికి నష్టపోయి, ఎవరినీ ఏమీ అనలేక, ఆనాడు మోగుతున్న వరసను తలుచుకుంటాడు.

ఈ పాటను కట్టినవారు ఇద్దరు. ఒకరు పీవీ కింగ్. మన పి.వి.లాగా ఇంటిపేరు పొడి అక్షరాలు కావు ఇవి, ‘పొట్టివాడు’ అనే అర్థంలో ముద్దుగా పెట్టుకున్న పేరు. విస్కాన్సిన్ రాష్ట్రంలో పోలెండు మూలాలున్న కుటుంబంలో 1914లో పుట్టిన ఈయన అసలు ఇంటిపేరు కుచిన్‌స్కీ, చేతిలో ఉండేది అకార్డియన్. అంటే అమెరికా దక్షిణాది పల్లె పాటగా లోకం చెప్పుకునే ఈ వరస ఒక ఉత్తరాది పోలిష్ కుర్రవాడిది. రెండోవారు రెడ్ స్టూవర్ట్, కింగ్ నడిపిన ‘గోల్డెన్ వెస్ట్ కౌబాయ్స్’ బృందంలో గాయకుడు, ఫిడేలు వాయించేవాడు, టెనెసీలోనే పుట్టినవాడు.

1946లో ఈ ఇద్దరూ బృందం సామాను వేసుకున్న ట్రక్కులో టెనెసీ రాజధాని నాష్‌విల్ వైపు ప్రయాణం చేస్తున్నారు. రేడియోలో బిల్ మన్రో పాడిన ‘కెంటకీ వాల్ట్జ్’ వచ్చింది. కెంటకీ పొరుగు రాష్ట్రం. పక్కవాళ్లకు వాల్ట్జ్ ఉన్నప్పుడు టెనెసీకి ఎందుకు ఉండకూడదని స్టూవర్ట్‌కు తోచింది. కింగ్ తర్వాతి కాలంలో చెప్పిన ప్రకారం, రాయడానికి కాగితం లేక, వంటింట్లో వాడే పెద్ద అగ్గిపెట్టె ఒకటి చేతికి దొరికితే, దాన్ని విప్పి అట్ట చదును చేసి దాని మీదే స్టూవర్ట్ పాట రాశాడు. వరస కొత్తగా కట్టలేదు. కింగ్ బృందం అప్పటికే కచేరీలలో వాయించుకునే ఒక వాద్యగీతం ఉంది. దానికి పేరు పెట్టడం కుదరక ‘పేరు లేని వాల్ట్జ్’ అనే పిలుచుకునేవారు. ఆ అనామక వరసలో ఈ మాటలు కూర్చున్నాయి.

అట్ట మీది పాటను వారు ఫ్రెడ్ రోజ్‌కు చూపించారు. గాయకుడు రాయ్ అకఫ్‌తో కలిసి 1942లో నాష్‌విల్‌లో అకఫ్-రోజ్ అనే పాటల ప్రచురణ సంస్థను పెట్టిన మనిషి ఆయన. చాలామంది రచయితలకు పాట దిద్దిపెట్టిన చేయి ఆయనది. మొదటి ప్రతిలో ఒకచోట ‘ఓ టెనెసీ వాల్ట్జ్, ఓ టెనెసీ వాల్ట్జ్’ అని పేరునే రెండుసార్లు పలికి ఊరుకున్నారు. రోజ్ అందులో ఒకదాన్ని తీసేసి, ఆ రాత్రి నాకు గుర్తుంది అనే అర్థం వచ్చే మాట పెట్టించాడు. విద్యార్థుల పద్యాలు దిద్దిన అలవాటు కొద్దీ అంటున్నాను, ఇంత చిన్న దిద్దుబాటుతో ఇంత పెద్ద మార్పు రావడం అరుదు. అంతవరకూ అది ఒక వరసను పొగిడే పాట. ఆ మాట పడ్డాక అది జ్ఞాపకమైంది. ఒక ఫలానా రాత్రి, తారీకు చెప్పకపోయినా తారీకున్న రాత్రి, పాటలోకి వచ్చింది.

దీనితో ఒక విచిత్రమూ జరిగింది. ఆ రాత్రి వారు ఏ వరసకు నాట్యం చేశారో దాని పేరు ‘టెనెసీ వాల్ట్జ్’. మనం వింటున్న పాట పేరు కూడా అదే. అయితే మనం వింటున్నది ఆ వరస కాదు, దాన్ని తలుచుకుంటున్న మరో పాట. ప్రియురాలిని దూరం చేసిన అసలు వరస ఎలా ఉండేదో పాటలో ఎక్కడా వినిపించదు. లేని పాటను గురించిన పాట ఇది. పేరు లేని వరస మీద కట్టినందుకు ఈ పాటకు తగిన వాటమే కుదిరింది.

వాల్ట్జ్ నడక గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఒక బలమైన దెబ్బ, రెండు తేలిక దెబ్బలు, మూడుమూడుగా సాగే నడక అది. మా ఊరి సంగీత కళాశాలలో, అంటే 1919లో మహారాజావారు స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడుగారు నడిపిన కళాశాలలో, దీన్ని తిశ్రగతి అంటారు. ‘తకిట తకిట’ అని చేతితో వేసి చూపిస్తారు. తెలుగు చెప్పుకున్నవాణ్ణి కనుక నేను దీన్ని సూర్యగణం అంటాను. గలము గానీ నగణము గానీ, ఏదైనా మూడు మాత్రలే. అయిదు సూర్యగణాలు వరసగా పెడితే ఆటవెలది రెండో పాదం, నాలుగో పాదం వస్తాయి. అంటే ‘విశ్వ - దాభి - రామ - వినుర - వేమ’. తెలుగు దేశంలో అక్షరం రానివారికి కూడా నోటికి వచ్చే ఆ మకుటం మూడు మాత్రల నడకలో అచ్చంగా వాల్ట్జ్ అడుగు. పైగా ఆటవెలది అంటేనే నాట్యం చేసే స్త్రీ. నమ్మకం కుదరకపోతే గట్టిగా చదువుతూ ప్రతి గణం మొదట్లో కాలు వేసి చూడండి. నేను మా వీధి అరుగు మీద వేసి చూశాను. ఎదురింటివారు తలుపు తీసి చూసి, మళ్లీ మూసుకున్నారు.

అందరూ గురజాడవారి ముత్యాల సరంతో పోల్చవచ్చు కదా అని అడగవచ్చు, విజయనగరం కనుక. అది మూడు, నాలుగు కలిసిన మిశ్రగతి. దానిలో నడక ఒక అడుగు చిన్నదై, ఒక అడుగు పెద్దదై సాగుతుంది, కథ చెప్పడానికి బాగుంటుంది. తిశ్రగతి కథను ముందుకు నెట్టదు, గుండ్రంగా తిప్పుతుంది. ఈ పాటలోని మనిషి కూడా ఆ రాత్రి చుట్టూనే తిరుగుతున్నాడు కాబట్టి అతనికి అదే తగింది.

కింగ్ బృందం పాటను 1947 డిసెంబరులో రికార్డు చేసింది. 1948 మొదట్లో విడుదలై, అప్పట్లో ‘ఫోక్’ అనే పేరుతో నడిచిన పల్లె పాటల పట్టికలో మూడో స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది కౌబాయ్ కోపస్ అనే గాయకుడూ పాడాడు, అదీ బాగానే అమ్ముడైంది. అక్కడితో పాట తన బతుకు తాను బతికి పాతబడిపోయి ఉండేది, చాలా పాటల్లాగే.

అలా జరగకపోవడానికి కారణం ఒక పరిచయం. 1950లో ఎర్‌స్కిన్ హాకిన్స్ అనే నల్లజాతి బృందనాయకుడు ఈ పాటను తన పద్ధతిలో రికార్డు చేశాడు. దాన్ని విన్నవాడు జెర్రీ వెక్స్‌లర్. అప్పటికి పాటల పట్టికలు వేసే అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్‌లో పనిచేస్తున్నాడు, నల్లజాతివారి సంగీతానికి ఆ పత్రికలో ‘రిథమ్ అండ్ బ్లూస్’ అనే పేరు స్థిరపడడానికి కారకుడు, తర్వాత గొప్ప రికార్డు నిర్మాతగా పేరుపొందినవాడు. ఆయన ఈ రికార్డు సంగతి పాటీ పేజ్ వ్యవహారాలు చూసే జాక్ రేయెల్‌కు చెప్పాడు. పేజ్ అసలు పేరు క్లారా ఆన్ ఫౌలర్. ఓక్లహోమాలో పేద కుటుంబంలో 1927లో పుట్టింది. రేడియోలో పేజ్ అనే పాల కంపెనీ ఖర్చు పెట్టుకున్న కార్యక్రమానికి పాడుతూ, ఆ కార్యక్రమం కోసం పెట్టిన పేరునే జీవితాంతం మోసింది.

1950 నవంబరులో మెర్క్యురీ కంపెనీకి ఆమె ఈ పాట పాడింది. కంపెనీవారి ఆశంతా రికార్డుకు అవతలి వైపున్న క్రిస్మస్ పాట మీద. పండగ దగ్గరకొస్తోంది, ఆ హుషారు పాట అమ్ముడుపోవాలి, వెనక ఏదో ఒకటి ఉండాలి కనుక ఇది పెట్టారు. మన పల్లెటూరి పెళ్లి భోజనంలో బూరెల కోసం కూర్చున్నవాడు చివరికి పులిహోర మెచ్చుకొని లేచినట్టు, జనం రికార్డు తిప్పి వెనక పాటే అడగడం మొదలుపెట్టారు. డిసెంబరు 30 నాటికి అది బిల్‌బోర్డ్ పాప్ పట్టికలో మొదటి స్థానానికి చేరి 9 వారాలు అక్కడే కూర్చుంది. పల్లె పాటల పట్టికలోనూ రెండో స్థానం దాకా వచ్చింది. తర్వాతి ముద్రణల్లో ఆ క్రిస్మస్ పాటను తీసేసి వేరేది పెట్టారు.

ఆ రికార్డును నేను చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని విన్నాను. పెదనాన్నగారి మర్ఫీలో ఎన్నడూ వినపడని సంగతి ఒకటి అప్పుడు తెలిసింది. ఆమెకు తోడుగా పాడే గొంతు కూడా ఆమెదే. ఒకసారి పాడి, దాన్ని మోగిస్తూ, దాని మీద మళ్లీ తానే రెండో వరుస పాడి కలిపే పద్ధతిని ఆమె అంతకు రెండు మూడేళ్ల ముందే, తోడు గాయకులు దొరకని ఒక సందర్భంలో, వాడి చూసింది. ఆ రోజుల్లో అదొక సాంకేతిక వింత. కానీ ఈ పాటకు అది వింతగా కాక అర్థంగా అమరింది. జంటగా పాడవలసిన పాటను జంట లేని మనిషి తనకు తానే తోడై పాడుకుంటోంది. వారు ఇదంతా ఆలోచించి చేశారని నేననను. డబ్బు మిగులుతుందనీ, కొత్తగా ఉంటుందనీ చేసి ఉంటారు. పాటలలో మంచి సంగతులు చాలాసార్లు అలాగే పడతాయి.

పాట మగవాడి నోటి నుంచి ఆడదాని నోటికి మారినప్పుడు మార్చవలసి వచ్చింది దాదాపు ఒక్క సర్వనామమే. స్నేహితుడు స్నేహితురాలైంది, అంతే. ఇంగ్లీషులో స్నేహితుడికీ ప్రియురాలికీ వాడిన మాటల్లో లింగభేదం లేకపోవడం వల్ల ఆ సౌకర్యం. తెలుగులో అయితే మాట ఎంచుకోవడం కొంచెం కష్టమే కానీ, ‘నాట్యం చేస్తున్నాను’, ‘పోగొట్టుకున్నాను’ అన్న ఉత్తమపురుష క్రియలు మనకు ఆడకూ మగకూ ఒకటే. హిందీవారికి ఆ వెసులుబాటు లేదు. దుఃఖం చెప్పుకొనేటప్పుడు ఆడా మగా తేడా లేని క్రియలు మనకున్నాయని వ్యాకరణం చెప్పిన ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ నాకు తట్టలేదు. ఒక అమెరికా పాట తట్టించింది.

ఇప్పుడు మొత్తం వరుసగా పెట్టి చూస్తే నాకు ఒకటి కనిపిస్తుంది. కింగ్ బృందం ఈ వరసతో హాయిగా నాట్యం చేస్తోంది. వెక్స్‌లర్ అనే పెద్దమనిషి వచ్చి పరిచయం చేశాడు. పాటీ పేజ్ ఆ పాటను ఎగరేసుకుపోయింది. ఈనాడు ఎవరినడిగినా అది పాటీ పేజ్ పాటే. పాటలో జరిగిందే పాటకూ జరిగింది. కాకపోతే ఇక్కడ నష్టపోయినవారు ఏడవలేదు. రచయితలుగా కింగ్, స్టూవర్ట్‌ల పేర్లు చెక్కుచెదరలేదు, ఎవరు పాడినా వారికి రావలసింది వచ్చింది. ప్రేమలో లేని ఆ ఏర్పాటు పాటల వ్యాపారంలో ఉంది.

తర్వాత పాడినవారి జాబితా చాలా పొడుగు. సామ్ కుక్ 1964లో దీన్ని హుషారెక్కించి పాడాడు. నాకు అది నచ్చలేదు. పరుగెత్తే మనిషి జ్ఞాపకం చేసుకుంటున్నాడంటే నమ్మబుద్ధి కాదు. ఓటిస్ రెడింగ్ పాడినది మాత్రం, అదీ ఆయన పద్ధతికి తిప్పుకున్నదే అయినా, కడుపులోంచి వచ్చినట్టుంటుంది. 1965లో టెనెసీ రాష్ట్రం దీన్ని తన అధికార రాష్ట్ర గీతాలలో ఒకటిగా ప్రకటించింది. మనం ‘మా తెలుగు తల్లికి’ అని మల్లెపూదండ వేస్తున్న చోట, వారు స్నేహితుడు ప్రియురాలిని తన్నుకుపోయిన సంగతిని పెట్టుకున్నారు. పాటలో రాష్ట్రం గొప్పతనం గురించి ముక్క లేదు, ఒక వరసకు పేరుగా ఉండడమే దాని పాత్ర. అయినా చట్టసభ ఒప్పుకుంది.

జపాను సంగతి వేరు. అక్కడ ఈ పాటకు రెండో జీవితం ఉంది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం అక్కడ ఉన్న రోజుల్లో, ఆ శిబిరాలలో పాడుతూ పెరిగిన చియెమి ఎరి అనే అమ్మాయి 1952 జనవరిలో, పదిహేనేళ్లు నిండీ నిండకుండా, కొంత ఇంగ్లీషులో కొంత జపనీసులో ఈ పాట పాడి తన తొలి రికార్డుగా విడుదల చేసింది. అది జపానంతా పాకింది. ఆమె 1959లో కెన్ తకకురా అనే సినిమా నటుణ్ణి పెళ్లి చేసుకుంది. 1971లో విడిపోయారు. 1982లో, 45వ ఏట, ఆమె చనిపోయింది. తకకురా పెద్ద తార అయ్యాడు. 1999లో ఆయన ‘పొప్పోయ’ అనే సినిమాలో, హొక్కయిదో మంచులో ఒక చివరి స్టేషనును కనిపెట్టుకొని ఉన్న ముసలి స్టేషనుమాస్టరుగా నటించాడు. ఆ సినిమాలో చనిపోయిన భార్య జ్ఞాపకంతో ముడిపడి వినిపించే వరస ఏదో తెలుసా? ఇదే. రాయపూర్ లైను విడిపోయే జంక్షన్లో పుట్టి పెరిగి, బొబ్బిలి, పార్వతీపురం దాటి కొండల్లోకి వెళ్లే రైళ్లలో చిన్న చిన్న స్టేషన్ల పచ్చజెండాలు చూస్తూ తిరిగినవాణ్ణి కనుక, ఆ ముసలాయన టోపీ సర్దుకొని ప్లాట్‌ఫారం మీద నిలబడే దృశ్యం దగ్గర నేను సినిమా ఆపి లేచి మంచినీళ్లు తాగి వచ్చాను.

ఇక మా ఊరి సంగతి. గంటస్తంభం వెనక సందులో ఉండే ఒక బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించే అతను నాకు చాలాకాలంగా తెలుసు. ఎంత చెయ్యి తిరిగినవాడంటే, ఫోనులో ఒక్కసారి వినిపిస్తే సినిమా పాటను సాయంత్రం ఊరేగింపులో వాయించేస్తాడు. నిరుడు ఒకనాడు ఫోను అతని చెవి దగ్గర పెట్టి ఈ పాట వినిపించాను. కళ్లు మూసుకొని విన్నాడు. క్లారినెట్టు తీసి, రీడు నాలుకతో తడిపి, మొదటి రెండు పాదాలు అలవోకగా పలికించాడు. గమకాలు తెలియకుండానే పడ్డాయి. పాటీ పేజ్ గీత గీసినట్టు పాడిన స్వరం దగ్గర ఇతను కొద్దిగా ఊపాడు, ఆ ఊపులో పాట ఒక్కసారిగా మనది అయిపోయింది. పక్కన డ్రమ్ము కుర్రాడు అలవాటు కొద్దీ నాలుగు దెబ్బల నడక వేశాడు. పాట మెడ విరిగినట్టయింది. మూడేసి వెయ్యమన్నాను. వేశాడు. క్లారినెట్టతను నవ్వి అన్నాడు: “ఇది మాకు పనికిరాదు మాస్టారూ. రెండు కాళ్లున్నోడు మూడు దెబ్బలకి ఎలాగ నడుస్తాడండీ? ఊరేగింపు ఆగిపోతాది.”

అది నిజంగా మంచి ప్రశ్న. ఇంటికి వచ్చి ఆలోచిస్తే అర్థమైంది. మూడు దెబ్బల నడకలో బలమైన దెబ్బ ఒకసారి కుడికాలి మీద పడితే తర్వాత ఎడమకాలి మీద పడుతుంది. తిన్నగా నడిచేవాడికి అది తడబాటు, గుండ్రంగా తిరిగేవాడికి అదే సుఖం. వాల్ట్జ్ నాట్యం గుండ్రంగా ఎందుకు తిరుగుతుందో ఇన్నాళ్లకు ఒక బ్యాండు మేళంవాడి సందేహం వల్ల తెలిసింది. మర్నాడు వెళ్లి ఇది చెప్పాను. అతను తల ఊపి, కొంతసేపు ఆలోచించి, “అయితే అప్పగింతల దగ్గర వాయించొచ్చండి. అక్కడ ఎవరూ నడవరు, అందరూ నిలబడి ఏడుస్తారు” అన్నాడు.

మాఘమాసంలో మా బంధువుల అమ్మాయి పెళ్లికి వాళ్లదే మేళం. తెల్లవారుజామున, పాలపళ్లెంలో పిల్ల చేతులు తడిపి అత్తగారి చేతుల్లో పెడుతున్నప్పుడు, పందిరి బయట నుంచి పెదనాన్నగారి రేడియో పాట వినిపించింది, డ్రమ్ము లేకుండా, ఒక్క క్లారినెట్టు మీద, గరగరలు లేకుండా. మా పెద్దమ్మ ఉండి ఉంటే పోల్చుకునేదేమో. నా పక్కన నిలబడ్డ పెళ్లికొడుకు మేనమామగారు ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకుంటూ ఏ సినిమాలోదని అడిగారు. నేను నోరు తెరిచేలోగా, పల్లవికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకుంటున్న క్లారినెట్టతను జవాబు చెప్పేశాడు.

“సినిమాది కాదండి, మా తాతది.”